చేజారిన పిట్టకో కేకు

నారింజ కేకును పక్క సీట్లో పెట్టి, దానికి బెల్టు కూడా బిగించి, నోలీన్ బండి తీసింది. ముప్ఫై ఏళ్లకు పైగా స్కూలు బస్సు నడిపిన మనిషి. ఎక్కినవాళ్లకు బెల్టు పెట్టకుండా బండి కదిలించడం ఆమె వల్ల కాదు. ఆగస్టు నెల పొద్దు. భూమికి దక్షిణాన ఉన్న ఆ దేశంలో ఆగస్టంటే చలికాలమే; అద్దం మీద పేరుకున్న మంచు గీకి గీకి వేళ్లు కొంకర్లు పోయాయి.

"ఇదే ఆఖరు. ఇంక నీ మొహం చూడను," అంది కేకుతో.

కేకు ఏ పాపం చేసిందని అడగొచ్చు. సంగతేమిటంటే, ఫిడ్లర్స్ గల్లీ అనే వాగు లోయలో పిట్టల కాళ్లకు కడియాలు తొడిగే ఆ నలుగురి గుంపులో ఒక ఆచారం పాతుకుపోయింది. వలలో పడ్డ పిట్టను ఒడుపుగా విడదీస్తారు. కాలికి నంబరు చెక్కిన బుల్లి కడియం తొడుగుతారు. రెక్క కొలిచి, తూకం వేసి వదిలేస్తారు. అది మళ్లీ ఎప్పుడో ఎక్కడో ఎవరికో చిక్కితే ఎంత దూరం తిరిగిందో, ఎన్నాళ్లు బతికిందో తెలుస్తుంది. జీతం భత్యం లేని పని, పెట్రోలు కూడా ఎవరిది వాళ్లదే. అయితే కడియం పడకముందే పిట్ట ఎవరి చేతిలోంచి జారిపోతే వాళ్లు మరుసటిసారి కేకు తేవాలి. పిట్ట తుర్రుమనగానే మిగతావాళ్లంతా "కేకు!" అని కేకేస్తారు. ఆ తీర్పుకు అప్పీలు లేదు.

ఆ ఏడాది చలికాలమంతా కేకులు నోలీనే తెచ్చింది.

ఆమెకు పని రాదని కాదు. వలలోంచి తీయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. కానీ పిట్ట మెడను రెండు వేళ్ల మధ్య ఇమిడ్చి, ఒళ్లు అరచేతిలో పట్టుకున్నప్పుడు, దాని గుండె వేలి కింద టకటకా కొట్టుకుంటుంది చూడండి, అక్కడొస్తుంది చిక్కంతా. నొక్కేస్తున్నానేమో, పాపం ఊపిరాడటం లేదేమో అనిపిస్తుంది. అలా అనిపించిందో లేదో, ఆమెను అడక్కుండానే చెయ్యి విచ్చుకుంటుంది. తుర్రు. కేకు.

మామూలు రోజుల్లో అయితే ఇది నవ్వుకునే సంగతే. ఈ రోజు కాదు. గుంపులో లైసెన్సు ఉన్నది ముసలి ఆథల్ ఒక్కడికే. ఆ లైసెన్సు ఈ చలికాలంతో అయిపోతుంది. మళ్లీ తీసుకోనని తెగేసి చెప్పాడు. లైసెన్సున్న మనిషి లేకుండా వల కట్టడానికి చట్టం ఒప్పుకోదు. నోలీన్‌కు ఇవ్వొచ్చని ఆథల్ మాట చెబితేనే గల్లీలో వచ్చే ఏడాది వలలు లేస్తాయి, లేకపోతే వాటిని చుట్టి షెడ్డులో పడేయడమే. అతను పెట్టిన షరతు చిన్నదే: "ఒక్క పొద్దు, ఒక్క కేకు కూడా లేకుండా నడిపించు. మాట చెప్తా." రెండుసార్లు ప్రయత్నించింది, రెండుసార్లూ ఓడింది. వసంతంలో పిట్టలు గూళ్లు కట్టుకునేటప్పుడు వీళ్లు వలలు కట్టరు. కాబట్టి ఇదే చివరి పొద్దు.

గల్లీలో తుమ్మ జాతి వాటిల్ చెట్లు పసుప్పచ్చగా విరగబూసి ఉన్నాయి. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. రజ్జా అప్పటికే వలల కర్రలు పాతేసి, మడత బల్ల పక్కన నిలబడి నోట్లోంచి పొగలు వదులుతున్నాడు. రజ్జా అంటే రస్సెల్. పొలాలకు కంచెలు వేసే పని చేస్తాడు. మనిషి తలుపంత ఉంటాడు. చిన్నప్పుడు నోలీన్ బస్సులోనే బడికెళ్లాడు. అందుకే ఊరంతా ఆమెను నోలీన్ అన్నా, అతను మాత్రం ఇప్పటికీ "మిసెస్ టి" అనే అంటాడు. అతన్ని ఊరంతా రజ్జా అన్నా ఆమె మాత్రం రస్సెల్ అనే పిలుస్తుంది.

"నారింజదేనా మిసెస్ టి?" అన్నాడు డబ్బా వంక చూస్తూ.

"నారింజదే. కడుపారా తిను. ఇక మీదట నీకు దొరికేది బిస్కెట్టే."

రజ్జా మొహం చిన్నబోయింది. "మీరు గెలవాలనే ఉంది, దేవుడి మీద ఒట్టు. కానీ మరీ పూర్తిగా గెలవక్కర్లేదేమో. ఒక్కటంటే ఒక్కటి, చిన్నది…"

"ఒరేయ్ రస్సెల్, నోర్మూసుకుని సీట్లో కూర్చో."

"సరే మిసెస్ టి," అని నిజంగానే కూర్చున్నాడు.

బల్లకు అటువైపు ప్రూ పెన్సిలు చెక్కుతోంది. ఊళ్లో మందుల షాపు ఆమెదే. కొలతలన్నీ రాసేది తనే. "వాణ్ని పట్టించుకోకు. నీకు కేకులు చేయకుండా ఉండటమూ వచ్చని నిరూపించు," అంది నోలీన్‌తో.

ఆథల్ కొంచెం దూరంగా, వాటిల్ చెట్టు కింద మడత కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ చంకల్లో దోపుకుని ఉన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఉన్ని నాణ్యత చూసేవాడు. కళ్లు మూసుకుని పోగు నలిపి అది ఏ రకం గొర్రెదో చెప్పేవాడని పేరు. ఇన్నేళ్లలో అతని చేతిలోంచి ఒక్క పిట్ట జారలేదు. అంటే ఆథల్ తన జీవితంలో ఒక్క కేకు కూడా తేలేదన్నమాట. పిట్టల మీద ప్రేముంది గానీ మనుషులను మెచ్చుకోవడం అతనికి చేతకాదు.

"నేనిక్కడ లేననుకోండి. వచ్చే ఏడాది ఎలాగూ ఉండను, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి," అన్నాడు.

"కనీసం టీ తాగడానికైనా వస్తావుగా?" అంది ప్రూ.

"పని లేని చోట కూర్చోవడం నాకు పడదు."

ఈ చలికాలమంతా అతను అంతే. బల్ల దగ్గరికి రాడు, పిట్టను ముట్టుకోడు, "నువ్వు చెయ్యి, నేర్చుకో" అంటాడు. పిట్ట జారితే నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు వింటే నోలీన్‌కు ఒళ్లు మండేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పక్కన నిలబడి ఇలా పట్టుకోవాలని చూపిస్తే ఇతని సొమ్మేం పోయింది అనుకునేది.

ఎండ గల్లీలోకి దిగగానే వలలు విప్పారు. మొదట పడింది నీలి తలపాగా చుట్టుకున్నట్టుండే రెన్ పిట్ట. సగం ఈకలు ఇంకా గోధుమ రంగులోనే ఉన్నాయి, పెళ్లికి సగం ముస్తాబై బయటికొచ్చిన పెళ్లికొడుకులా. నోలీన్ దాన్ని పట్టుకుంది. గుండె టకటకమంది. ఆమె చెయ్యి ఊగిసలాడింది. ఆథల్ ఎప్పుడూ అనే మాట గుర్తుచేసుకుంది: గట్టిగా పడితే పిట్టకేం కాదు, సగం పడితేనే కొట్టుకుని రెక్క విరుచుకుంటుంది. ఊపిరి బిగబట్టి పటకారుతో కడియం నొక్కింది. పడింది.

తర్వాత పసుపు రొమ్ము రాబిన్. అదీ పడింది. ఆ తర్వాత వెండికన్ను పిట్టలు, ఒకటి వెంట ఒకటి. కంటి చుట్టూ సున్నం గీసినట్టు తెల్లటి గుండ్రం ఉంటుంది వాటికి. గుప్పెడు ఉండవు, చలికి ఓర్వలేక ఇంకా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవి నుంచి సముద్రం దాటి వస్తాయి. అంత దూరం వచ్చినదాన్ని పట్టుకోవాలంటే నోలీన్‌కు రోజూ సిగ్గేసేది. ఇవాళ సిగ్గుపడటానికి తీరిక లేదు. పడ్డ కడియాల లెక్క ప్రూ రాస్తూపోతోంది, రజ్జా ఆశలు అడుగంటుతున్నాయి.

"నిమ్మకాయ కేకైనా చేయొచ్చు కదా," అన్నాడు గాల్లోకి, ఎవరితోనూ కాదన్నట్టు.

"ఇంకో మాట మాట్లాడావంటే మీ అమ్మకు ఫోన్ చేస్తా."

"మా అమ్మ కూడా నిమ్మకాయదే కావాలంటుంది."

టీ తాగే వేళకు మరోసారి వలలు చూసి వద్దామని నోలీన్ ఒక్కతే వెళ్లింది. వాగు పక్కన, ఎండ ఇంకా చేరని వలలో రెండు పిట్టలున్నాయి. ఒకటి తేనెపిట్ట. పట్టుకోకముందే ఊరంతా వినపడేలా తిడుతోంది. దాన్ని గుడ్డసంచిలో వేసింది. రెండోది మాత్రం చప్పుడే చేయడం లేదు. చిన్న పసుపు థార్న్‌బిల్. బొటనవేలంత ప్రాణి. ఒళ్లంతా ఉబ్బి, కళ్లు సగం మూసుకుని, తీసినా కదల్లేదు. చలికి బిగుసుకుపోయింది. అలాంటి పిట్టకు మందు ఒక్కటే, మనిషి ఒంటి వేడి. నోలీన్ ఆలోచించలేదు. ఎర్ర స్వెట్టరు ఎత్తి, చొక్కా గుండీ విప్పి, దాన్ని బాడీ అంచులో, గుండె పక్కన పదిలంగా పెట్టుకుంది. మంచుముక్క పెట్టుకున్నట్టనిపించి కెవ్వుమనబోయి ఆపుకుంది.

"పడుకో తల్లీ. మెలకువొచ్చాక నీ పని చూద్దాం," అంది గుండెల్లోకి చూసి.

బల్ల దగ్గరికొచ్చి సంగతి చెప్పింది. ఉదయపు పని ముగింపుకొచ్చింది. సంచిలో ఉన్నది ఒక్క తేనెపిట్ట, ఒంట్లో ఉన్నది ఒక్క థార్న్‌బిల్. ఈ రెండూ దాటితే గట్టెక్కినట్టే. ఆథల్ కుర్చీలోంచి లేచి మొదటిసారిగా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. రజ్జా కూడా లేచాడు. ఇప్పుడు మాత్రం అతను కేకు మాట ఎత్తలేదు.

తేనెపిట్ట సంచిలోంచి బయటికొస్తూనే ఆమె వేలిని గోళ్లతో రక్కింది. మెడ వేళ్ల మధ్యకు తెచ్చుకుని, కాలు పట్టుకుని, కడియం పటకారులో పెట్టింది నోలీన్. సరిగ్గా అప్పుడే స్వెట్టర్లో ఏదో కదిలింది.

మొదట చిన్న గిలిగింత. తర్వాత గోళ్లు. మంచుముక్కలాంటి ప్రాణికి వెచ్చదనం తగిలి బతుకు మీద ఆశ పుట్టినట్టుంది, ఒక్కసారిగా రెక్కలు విదిల్చి పైకి పాకడం మొదలుపెట్టింది. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి చంకలోకి. నోలీన్ మొహం ఎర్రబడింది, పెదవులు బిగుసుకున్నాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైంది మిసెస్ టి? గుండెనొప్పా?" అన్నాడు రజ్జా హడలిపోయి.

"మా…ట్లాడించకు."

"ప్రూ, మందుల షాపు నీదే కదా, చూడవేం!"

"లేచింది," అంది నోలీన్ పళ్ల బిగువున. "లోపలిది లేచింది. నడుస్తోంది."

ప్రూ పెన్సిలు వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. రజ్జా వెనక్కి తిరిగి భుజాలు అదిరేలా నవ్వుతున్నాడు. ఆథల్ మాత్రం నవ్వలేదు, ఆమె ఎడమ చేతినే చూస్తున్నాడు. చేతిలో తేనెపిట్ట అరుస్తోంది, ఒంట్లో థార్న్‌బిల్ వీపు వైపు దారి వెతుకుతోంది. ఏ చిన్న కదలికకైనా విచ్చుకుపోయే ఆ చెయ్యి ఈసారి విచ్చుకోలేదు. చక్కిలిగింతకు మనిషి నిలువునా మెలికలు తిరుగుతున్నా వేళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పటకారు నొక్కింది. కడియం పడింది. రెక్క కొలిచింది, అంకె చెప్పింది. గొంతు వణికినా అంకె తప్పలేదు. తూకం వేసి అరచెయ్యి చాపింది. తేనెపిట్ట ఆఖరుసారి తిట్టి ఎగిరిపోయింది.

"ఇప్పుడు దీన్ని తీయండి రా బాబూ!" అని అరిచింది.

తీయాల్సిన పని పడలేదు. స్వెట్టరు మెడలోంచి పసుపు తల ఒకటి బయటికొచ్చింది. అటూ ఇటూ చూసింది. ఎగిరి ఆమె ఊలు టోపీ మీద వాలి, ఈకలు సర్దుకుంది. అందరూ కొయ్యబారిపోయారు. కాలికి కడియం లేదు. ఇప్పుడు గనక ఎగిరిపోతే పొద్దంతా పడ్డ పాటు బూడిదలో పోసినట్టే. నోలీన్‌కు అది తెలుసు. టోపీ మీద ఉన్నది తనకు కనపడదు, చేతికి అందదు. ఏడుపొచ్చినంత పనైంది.

"కదలకు," అన్నాడు ఆథల్ నెమ్మదిగా.

చంకలోంచి చెయ్యి తీశాడు. ఆ చెయ్యి వెళ్లిన తీరు చూసితీరాలి, తొందర లేదు, నీడ కూడా పడలేదు. పిట్టకు తెలిసేలోగా దాని చుట్టూ గుప్పిట కట్టింది. పట్టేశాడు! రజ్జా ఈల వేయబోయాడు.

కానీ ఆ గుప్పిట పూర్తిగా మూసుకోలేదు. ఆథల్ వేళ్ల వంకే చూస్తున్నాడు, మూసుకోమని బతిమాలుతున్నట్టు. వేళ్లు తెల్లగా, కర్రముక్కల్లా ఉన్నాయి. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్యనుంచి థార్న్‌బిల్ తాపీగా బయటికొచ్చి, వాటిల్ కొమ్మల్లోకి ఎగిరిపోయింది.

ఎవ్వరూ "కేకు" అనలేదు.

చివరికి ఆథలే అన్నాడు. "కేకు." గొంతు సవరించుకున్నాడు. "నాది. జారింది నా చేతిలోంచి. నోలీన్ చేతిలోంచి ఇవాళ ఒక్కటీ జారలేదు, రాసుకో ప్రూ."

నోలీన్ అతని చెయ్యి అందుకుంది. ఐసుగడ్డలా ఉంది. "ఇదేంటి ఆథల్?"

"రెండు చలికాలాలైంది. చలి పడితే వీటికి ఏమీ తెలీదు. పిట్ట చేతిలో ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. అలాంటివాడు పిట్టను ముట్టుకోకూడదు. అందుకే ముట్టుకోలేదు."

"అందుకా నాకు చూపించనిది? నేనేమో నిన్ను రోజూ ఇంటికెళ్లి తిట్టుకునేదాన్ని."

"తెలుసు. ఒకటి రెండుసార్లు ఇక్కడే వినపడేలా తిట్టావు."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"చెబితే నా మీద జాలిపడేదానివి. జాలిపడినప్పుడల్లా నీ చెయ్యి వదులవుతుంది. కోపంలో ఉంటే కాస్త గట్టిగా పట్టుకుంటావని ఆశపడ్డా."

నోలీన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ రాయి అనుకున్న మనిషి తన చేతకానితనాన్ని చంకల్లో దాచుకుని, దొంగలా కూర్చుని, ఆమె చెయ్యి కుదురుకునే రోజు కోసం ఎదురుచూశాడన్నమాట. ఆ ముసలి వేళ్లను తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. అతను వద్దనలేదు. తన మెడలో వేలాడే పాత పటకారును తాడుతో సహా తీసి ఆమె మెడలో వేయమని రజ్జాకు సైగ చేశాడు. తాడు ముడి విప్పడం ఇప్పుడు తన వల్ల కాదని ఇంక దాచలేదు.

"మాట చెప్తా. ఇక గల్లీ నీదే," అన్నాడు.

కేకు కోశారు. రజ్జా మూడు ముక్కలు తిన్నాడు, ఇంక దొరకదన్న దిగులుతో నాలుగోది జేబులో వేసుకున్నాడు. తర్వాత వలలు చుట్టడానికి బయల్దేరారు. వాటిల్ చెట్టు పక్కనున్న ఆఖరి వలలో, అడుగు మడతలో, పసుపు పిట్ట ఒకటి వేలాడుతోంది. కాలి గోటికి ఎర్ర ఊలు పోగు చుట్టుకుని ఉంది.

"ఇదెవరిదో నాకు తెలుసు," అంది నోలీన్.

ఈసారి అది వెచ్చగా, చురుగ్గా ఉంది. ఊలు పోగు తీసింది. మెడ వేళ్ల మధ్యకొచ్చింది. గుండె టకటకమంది. ఆ బుల్లి గుండెను కాసేపు తన పక్కనే దాచుకున్న నోలీన్ గుండెకు ఇప్పుడు భయమేయలేదు. అన్నిటికన్నా చిన్న కడియం తీసి నొక్కింది, చెయ్యి చాపింది. పిట్ట ఒక్క క్షణం అరచేతిలోనే కూర్చుని, తర్వాత వెళ్లిపోయింది.

ఆథల్ దగ్గాడు. "ఒక మాట. ఇప్పుడు దానికి కడియం పడిందిగా. అంటే అది చేజారినట్టు లెక్క కాదు. కాబట్టి నా కేకు…"

ఇన్నేళ్లలో ఎవరూ అప్పీలు చేసుకోలేదు. ప్రూ పెన్సిలు ఆపింది. రజ్జా ఊపిరి బిగబట్టాడు. ముగ్గురూ నోలీన్ వైపే చూశారు, ఎందుకంటే తీర్పు చెప్పాల్సింది ఇప్పుడు ఆమే.

"కడియం పడకముందే జారిందా లేదా?"

"జారిందనుకో…"

"అయితే కేకే. వచ్చే చలికాలం, మొదటి రోజు. నారింజది. నువ్వే చెయ్యాలి, నువ్వే పట్టుకురావాలి. ఎవరితోనో పంపిస్తే చెల్లదు."

"వచ్చే ఏడాది నేను రానని చెప్పానుగా."

"మరి కేకు ఎలా వస్తుంది?" అంది నోలీన్. "నడిచొస్తుందా?"

ఆథల్ వల కర్ర ఒకటి భుజానికెత్తుకుని బండి వైపు నడిచాడు. సగం దారిలో ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"నారింజలు తొక్కతోనే ఉడకబెట్టాలా, వలిచా?"